ఇరవైమూడో వాక్యం

సోమవారం పొద్దున తొమ్మిదింటికి పిట్ట వచ్చి సెంటరు తలుపు తీసేసరికి యంత్రంలో పని డెబ్బై ఒకటో గంటలో ఉంది. సంచీ భుజం మీంచి దించకుండా, లైటు కూడా వేయకుండా, లోపలి గదిలో యంత్రం ముందుకు వెళ్ళి నిలబడింది. నల్లటి టెర్మినల్ కిటికీలో అంకెల వరసలు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి. ప్రతి వరస చివరా ఒక చిన్న అంకె ఉంది. అది అంతకుముందు దాని కంటే తగ్గుతూ వస్తోంది. తగ్గుతోందంటే యంత్రం నేర్చుకుంటోందని అర్థం.

అది నేర్చుకుంటున్నది ఒక మనిషి గొంతు. రైల్వే స్టేషన్లో ఇరవై ఆరేళ్ళుగా బండ్ల రాకపోకలు చెప్పే అనౌన్సరమ్మ గొంతు. శుక్రవారం ఉదయం ఏడింటికి ఆవిడకు ఆపరేషన్ చేసి గొంతుపెట్టె తీసేస్తారు. ఆ తర్వాత ఆవిడ ఒక చిన్న పరికరంలో మాటలు టైపు చేస్తే, అది ఆవిడ గొంతుతో పైకి చదవాలి. అందుకోసం ఆవిడ పదకొండుసార్లు ఇక్కడికి వచ్చి, గాజు గదిలో కూర్చుని, పదహారు వందల వాక్యాలు చదివి వెళ్ళింది. బుధవారం పదింటికి ఈ పని పూర్తవుతుంది. గురువారమంతా ఆవిడ కూర్చుని విని, యంత్రం ఎక్కడ తప్పు పలికితే అక్కడ మళ్ళీ చదివి ఇస్తుంది. శుక్రవారం దాటాక చదవడానికి ఆవిడ దగ్గర గొంతే ఉండదు.

పిట్ట కుర్చీ మీద ఒక అంచున కూర్చుని నోటుపుస్తకంలో గంట, అంకె రాసుకుంది. సన్నగా ఉంటుందని, నోట్లో మాట నోట్లోనే ఉంటుందని సెంటర్లో అందరూ ఆమెను పిట్ట అనేవారు. "గొంతుల సెంటర్లో గొంతు లేనిదానివి నువ్వొక్కదానివేనే" అని కౌంటరక్క రోజుకొకసారి అనేది. పిట్ట నవ్వి ఊరుకునేది.

తొమ్మిదిన్నరకు పెద్ద డాక్టర్ వచ్చాడు. చేతిలో ఒక డిస్కు, వెనక గులాబీల కుండీ మోస్తూ కౌంటరక్క.

"ఈ యంత్రం నాకు కావాలి. పదకొండింటికి పెద్దవాళ్ళు వస్తున్నారు. మన పని చూసి వెళ్తారట. వీడియోలు ఎక్కించు."

"పని నడుస్తోంది సార్" అంది పిట్ట.

"ఏం పని?"

"అనౌన్సరమ్మ గారిది."

"కంట్రోల్ సి కొట్టెయ్. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ మొదలెట్టు."

పిట్ట చేతులు కీబోర్డు మీద ఉన్నాయి. కంట్రోల్ సి కొడితే, ఆ కిటికీలో ముందు నడుస్తున్న పనికి ఇక చాలించమని సంకేతం వెళ్తుంది. చాలించిన పని మళ్ళీ రాదు. కంట్రోల్ జెడ్ అలా కాదు. ఉన్నచోటే ఆగమంటుంది. ఆ పని చేతిలో పట్టుకున్నది చేతిలోనే ఉంచుకుని, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి ఆగుతుంది. పిలిస్తే అదే అడుగు నుంచి నడుస్తుంది. పిట్ట వేలు సి మీదికి పోలేదు. దానికి ఒక్క అక్షరం అవతలే ఉన్న జెడ్ నొక్కింది. అంకెల వరస ఆగింది. ఒకటో నంబరు పని, స్టాప్డ్ అని, కిటికీలో ఆజ్ఞలు అందుకునే షెల్లు ఒక వరస రాసి, కింద ఖాళీ గీత చూపించింది.

"ఆపేశావా?"

"ఆగింది సార్."

ఆయన దాన్ని ఆపేయడమనే అనుకున్నాడు. పిట్ట ఆ తేడా చెప్పలేదు.

డిస్కు లోంచి వీడియోలు ఎక్కడానికి గంటన్నర పట్టింది. ఆ యంత్రంలో ఆమెకు ఇచ్చింది ఆ ఒక్క కిటికీనే. వీడియోలు నడపాలన్నా అందులోంచే ఆజ్ఞ ఇవ్వాలి. ఆగిన పనిని ఎఫ్‌జీ అని ముందుకు పిలిస్తే కిటికీ మొత్తం అదే ఆక్రమిస్తుంది. బీజీ అని కొడితే వెనక నడుస్తుంది, ముందు ఖాళీగా ఉంటుంది. పెద్ద డాక్టర్ అద్దంలో టై సరిచేసుకుంటుండగా పిట్ట ఆ రెండక్షరాలు కొట్టింది. అంకెలు మళ్ళీ దిగడం మొదలయ్యాయి. ఆమె ఊపిరి పీల్చుకుని వీడియో నడిపింది. అది తెరంతా పరుచుకుని కిటికీని కప్పేసింది. మేళతాళాల్లాంటి సంగీతం వచ్చింది.

"ఇక నువ్వు బయటుండు. తాళం నా దగ్గరుంటుంది. ఖరీదైన సామాన్లు తెస్తున్నారు వాళ్ళు" అన్నాడాయన.

"మధ్యలో ఒక్కసారి చూసి..."

"పిట్టా. మూడు రోజులు నన్ను ఏమీ అడక్కు."

ఆమె అడగలేదు. అంటే, మంగళవారం ఒకసారి అడిగింది. గాజు తలుపు అవతల వచ్చినవాళ్ళు కుర్చీల్లో కూర్చుని తల ఊపుతున్నారు. పెద్ద డాక్టర్ బయటికి వచ్చి ఫోనులో మాట్లాడుతుంటే, ఆయన పక్కకు వెళ్ళి నిలబడింది. ఆయన ఫోను మీద చెయ్యి పెట్టి, "యంత్రం ఫ్యాను తిరుగుతోందా లేదా? చప్పుడు వినపడట్లా?" అన్నాడు. తిరుగుతోంది. బయటివరకు వినపడుతోంది. రోగుల గొంతులు బయటికి పోకూడదని ఆ యంత్రాన్ని దేనికీ కలపలేదు కాబట్టి, కౌంటరు దగ్గరి కంప్యూటర్లోంచి దాన్ని చూసే దారి లేదు. ఫ్యాను చప్పుడు నమ్మి పిట్ట వచ్చేసింది.

*

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చినవాళ్ళు పువ్వులు తీసుకుని వెళ్ళిపోయారు. పెద్ద డాక్టర్ వీడియో కట్టేసి, వెనక కనబడిన నల్ల కిటికీని కూడా మూయబోయాడు. బాణం మూలనున్న గుర్తు మీదికి వెళ్ళింది.

"వద్దు సార్" అంది పిట్ట. ఆ మాట గట్టిగానే వచ్చింది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. "కిటికీ మూస్తే అందులో పనులన్నిటికీ లైను తెగిందని సంకేతం వెళ్తుంది సార్. చచ్చిపోతాయి."

"సరే, నీ కొంప నువ్వే చూసుకో" అని ఆయన భోజనానికి వెళ్ళాడు.

పిట్ట కూర్చుంది. కిటికీలో చివరి వరస సోమవారం పదకొండుంబావు దాటాక దిగిన అంకె. దాని కింద అంకె లేదు. ఒక ప్రశ్న ఉంది. డిస్కులో చోటు అయిపోతోంది, గంట గంటకూ దాచిన పాత నకళ్ళు తీసేసి ముందుకు వెళ్ళమంటారా, అవునా కాదా, అని యంత్రం అడిగింది. అవును అనడానికి ఒక అక్షరం చాలు. దాని పక్కన ఖాళీ. రెండు రోజులుగా ఖాళీ.

ఎంటర్ నొక్కింది. అప్పుడుగానీ షెల్లు నోరు విప్పలేదు. ఒకటో నంబరు పని, స్టాప్డ్ అని రాసింది.

ఆమెకు అర్థమైంది. అర్థమవడానికి క్షణం కూడా పట్టలేదు, అదే ఆమెకు ఎక్కువ బాధ అనిపించింది. కీబోర్డు ముందున్న పనిది. వెనక నడిచే పని నడవొచ్చు, రాయొచ్చు, కానీ కీబోర్డు నుంచి జవాబు తీసుకోకూడదు. తీసుకోబోతే సంకేతం వచ్చి అక్కడే ఆపేస్తుంది. తప్పు చేసిందని కాదు, అడిగిందని. ఎవరైనా ముందుకు పిలిచేదాకా అలా ఉంటుంది. పెద్ద డాక్టర్ వీడియోలు చోటంతా తినేశాయి. పని ప్రశ్న అడిగింది. ప్రశ్న మీద వీడియో పరుచుకుంది. ఫ్యాను తిరిగింది వీడియో కోసం.

మొదలుపెట్టేటప్పుడే, ఏది అడిగినా అవునని అనుకో అని చిన్న గుర్తు రాసి ఉంటే సరిపోయేది. ఆమె రాయలేదు. చెరిపేసేముందు అడిగితే మంచిదే కదా అనుకుంది. అది ఆమె తప్పు. ఎవరి మీదా వేయడానికి లేదు.

ఎఫ్‌జీ అని కొట్టింది. ప్రశ్న మళ్ళీ వచ్చింది. అవును అంది. అంకెలు దిగడం మొదలయ్యాయి, ఏమీ జరగనట్టు. ఇంకా నలభై ఎనిమిది గంటలు. వేళ్ళ మీద రెండుసార్లు లెక్కపెట్టింది. శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంట. ఆపరేషన్ అయి అప్పటికి ఆరు గంటలు.

మూడింటికి అనౌన్సరమ్మ వచ్చింది. వెంట కూతురు, స్కూలు బట్టల్లోనే ఉంది, పదమూడేళ్ళ పిల్ల. అనౌన్సరమ్మ మెడకు మెత్తటి గుడ్డ చుట్టుకుంది. మాట బొంగురుగా, లోపల ఏదో గీసుకుంటున్నట్టు వస్తోంది. అయినా ప్రతి మాటకూ దాని చోటు ఇచ్చి మాట్లాడుతుంది. స్టేషన్లో జనం పరిగెడుతూ వినే మాటలు కదా మరి.

"పూర్తయిందా డాక్టరుగారూ? వినొచ్చా?"

పెద్ద డాక్టర్ కుర్చీ వెనక్కి జరిపాడు. పిట్ట గోడ పక్కన హెడ్‌ఫోను పట్టుకుని నిలబడి ఉంది. ఆయనకు ఆమె భోజనం తర్వాతే చెప్పింది. అంతా చెప్పింది. ఆయన వింటూ పళ్ళు కుట్టుకున్నాడు.

"చూడండమ్మా" అన్నాడు ఆయన. "ఈ పనిలో ముఖ్యం ఏమిటంటే, మనమిచ్చే గొంతు శుభ్రంగా ఉండాలి. మీరు చదివేనాటికే జబ్బు కొంచెం ముదిరింది. యంత్రానికి ఆ గొంతు సరిగా అందలేదు. అందుకే ఆలస్యం. ఎప్పటికైనా తయారవుతుంది. కాకపోతే మీరు విని సరిదిద్దే అవకాశం ఉండదు."

అనౌన్సరమ్మ చెయ్యి మెడ మీది గుడ్డ దగ్గరికి వెళ్ళింది. ఆ గుడ్డ అంచును లోపలికి దోపి, మళ్ళీ తీసి, మళ్ళీ దోపింది.

"అంటే నా చదవడం బాగాలేదు" అంది చివరికి.

"మీ తప్పు కాదులెండి. జబ్బు."

"ఇరవై ఆరేళ్ళలో నా మాట అర్థం కాలేదని ఒక్క ప్రయాణికుడు రాసివ్వలేదండీ."

"అయ్యో, అదేం లేదమ్మా" అని ఆయన లేచాడు. కూతురు తల్లి చెయ్యి పట్టుకుని, పిట్ట వైపు చూసింది. పిట్ట హెడ్‌ఫోను తీగను వేలికి చుట్టుకుంటోంది. చుట్టి చుట్టి వేలు కొస తెల్లబడింది. నోరు తెరిస్తే ఒక్క వాక్యం. వాళ్ళు మెట్లు దిగేదాకా ఆ వాక్యం అక్కడే ఉంది.

కౌంటరక్క వచ్చి పక్కన నిలబడింది. "ఏమే, మింగేశావా?"

పిట్ట తల ఊపింది.

"మింగితే అరగదు అలాంటివి" అంది కౌంటరక్క. ఈసారి నవ్వలేదు.

*

గురువారం పొద్దున పిట్ట గంట గంటకూ దాచిన నకళ్ళలో కొత్తదాన్ని తీసి, సగం తయారైన గొంతు విని చూసింది. అది అనౌన్సరమ్మే. "దయచేసి గమనించండి" అని టైపు చేస్తే గది నిండా స్టేషన్ వచ్చి నిలబడింది. జబ్బు లేదు, బొంగురు లేదు. గొంతు శుభ్రంగా అందింది. పెద్ద డాక్టర్ చెప్పింది అబద్ధమని యంత్రమే చెబుతోంది.

ఒక్కచోట మాత్రం చెడింది. ప్రశ్నలు. "బండి వచ్చిందా" అని రాస్తే, బండి వచ్చేసిందని ప్రకటించినట్టు పలికింది. "ఎక్కడున్నావు" అన్నది ఒక ఊరి పేరు చదివినట్టుంది. పదహారు వందల వాక్యాల్లో అడిగేవి పాతిక కూడా లేవు. అనౌన్సరు ఉద్యోగంలో అడిగేది ఏముంటుంది, అంతా చెప్పడమే కదా. పిట్ట కాగితం తీసి నలభై ప్రశ్నలు రాసింది. ఈ నలభై ఈ రోజే చదివిస్తే, వాటిని కలిపి మళ్ళీ రెండు రోజులు నేర్పిస్తే సరవుతుంది. రికార్డరు, మైకు సంచీలో పెట్టుకుంది. పెద్ద డాక్టర్‌కు చెప్పలేదు. కౌంటరక్కకు చెప్పింది.

"వెళ్ళు" అంది కౌంటరక్క. "ఆయనడిగితే నీకు విరేచనాలని చెబుతా. ఇంక రెండో ప్రశ్న వేయడు."

అనౌన్సరమ్మ ఇల్లు స్టేషన్ వెనక వీధిలో, మూడో అంతస్తులో రెండు గదులు. తలుపు కూతురు తీసింది. లోపల మంచం మీద రేపటికి సర్దిన సంచీ ఉంది, తువ్వాలు, దువ్వెన, పలక, సుద్దముక్కల డబ్బా. అనౌన్సరమ్మ కిటికీ దగ్గర కూర్చుని బట్టలు మడత పెడుతోంది.

"రా పిట్టా. కూర్చో. ఏమిటిలా వచ్చావు?"

పిట్ట కూర్చోలేదు. నిలబడే చెప్పింది. కంట్రోల్ జెడ్ నుంచి మొదలుపెట్టి, వెనక్కి పంపడం, వీడియోలు, చోటు అయిపోవడం, ప్రశ్న, అంతా చెప్పింది. మొదట మాటలు తడబడ్డాయి, తర్వాత ఆగలేదు. తన తప్పు ఎక్కడుందో అది కూడా చెప్పింది. "మీ చదవడంలో ఏమీ లేదమ్మా. గొంతు చక్కగా అందింది. నేను పొద్దున విన్నాను" అని ఆపింది.

అనౌన్సరమ్మ చేతిలో చొక్కా సగం మడతలో ఉంది.

"అడిగి ఆగిపోయిందా?"

"అవునమ్మా."

"ఏమని అడిగింది?"

"పాతవి తీసేసి ముందుకు వెళ్ళనా అని."

"అవును అంటే చాలా?"

"ఒక్క అక్షరం చాలు."

అనౌన్సరమ్మ చొక్కా మడత పూర్తిచేసి మిగతావాటి మీద పెట్టింది. "నిన్న రాత్రంతా నా గొంతును తిట్టుకుంటూ పడుకున్నాను" అంది. "నిన్నే చెప్పి ఉంటే కాస్త నిద్ర పట్టేది కదే." అందులో కోపం లేదు. కోపం ఉంటే పిట్టకు తేలికయ్యేది.

"ఇప్పుడేం చేయాలి?"

పిట్ట కాగితం తీసింది. నలభై ప్రశ్నలు అని చెప్పింది. అనౌన్సరమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చూసింది. ఆవిడ వీపు నిటారుగా అయింది. ఏడాదిగా తన నుంచి ఒక్కొక్కటిగా తీసేసుకుంటున్నవాళ్ళ మధ్య, ఒకరు పని ఇవ్వడానికి వచ్చారు.

"డాక్టర్లు ఎక్కువ మాట్లాడొద్దన్నారమ్మా" అంది కూతురు.

"రేపట్నుంచి మాట్లాడనులే. ఫ్యాను ఆపు."

కూతురు ఫ్యాను ఆపింది. కిటికీలు మూసింది. వంటింట్లో కుళాయి బొట్టుబొట్టుగా కారుతుంటే దాని మూతికి గుడ్డ కట్టింది. గోడ గడియారం తీసి దుప్పట్లో చుట్టింది. ఇదంతా చెప్పించుకోకుండా చేసింది. ఇంట్లో తల్లి వాక్యాలు సాధన చేసిన రోజుల్లో నేర్చుకుని ఉంటుంది. తర్వాత వంటింటి గడప మీద గోడకు ఆనుకుని, చప్పుడు కాకుండా నిలబడింది.

పిట్ట మైకు బిగించి తల ఊపింది.

"వచ్చావా?" అంది అనౌన్సరమ్మ. కాసేపు ఆగింది. "ఎప్పుడొచ్చావు?" ఆగింది. "తిన్నావా?"

గొంతు బొంగురుగా ఉన్నా ప్రశ్న ప్రశ్నలాగే లేస్తోంది. ఒక్కొక్కటి మూడుసార్లు చదివింది. నచ్చకపోతే నాలుగోసారి. ఆరో ప్రశ్న దగ్గర దగ్గు వచ్చింది. ఆగి, నీళ్ళు తాగి, ఆరోది మళ్ళీ మొదటి నుంచి చదివింది. పదోది అయ్యేసరికి మెడ మీద నరం ఉబ్బింది. గదిలో గాలి లేదు. ఆవిడ నుదుటి మీద చెమట కనుబొమ్మల్లోకి దిగుతోంది. తుడుచుకుంటే బట్ట చప్పుడవుతుందని తుడుచుకోలేదు.

పన్నెండోదానికీ పదమూడోదానికీ మధ్య కూతురు, "అమ్మా" అంది.

అనౌన్సరమ్మ చూపుడువేలు ఎత్తింది. తల తిప్పలేదు. కాగితం మీది నుంచి కళ్ళు తీయలేదు. పిల్ల ఊరుకుంది.

"ఎందుకేడుస్తున్నావు?" అని చదివింది అనౌన్సరమ్మ. "ఎందుకేడుస్తున్నావు?" మూడుసార్లు. కాగితంలో పదమూడోది అదే. పిట్టే రాసింది. ఇంట్లో రోజూ అడిగే ప్రశ్నలు కదా అని ఏదీ ఆలోచించకుండా రాసింది.

పద్దెనిమిది. పందొమ్మిది. ప్రశ్నల చివరలు తెగిపోతున్నాయి. ఆవిడ వాటిని అంటించి మళ్ళీ చదువుతోంది. ఇరవై ఒకటోది ఆరుసార్లు పట్టింది. రికార్డరు తెర మీద గొంతును చూపే గీత ఒక్కోసారి లేచి, ఒక్కోసారి నేలకు అంటుకుంటోంది. ఈ లెక్కన ముప్పై చదివేసరికి ఇంకేమీ మిగలదని పిట్టకు ఆ గీతలోనే తెలుస్తోంది. నలభై దాకా వస్తుందేమో. వస్తే అక్కడితో సరి. రేపు ఏడింటిదాకా ఆవిడ దగ్గర గుసగుస కూడా ఉండదు.

ఇరవైమూడోది అయింది. అనౌన్సరమ్మ గ్లాసు అందుకుంది. కూతురు గడప దాటి ఒక అడుగు లోపలికి వేసింది. నోరు తెరిచింది. ఈసారి "అమ్మా" అని కూడా అనలేదు. తల్లి వేలు ముందే లేచింది. పిల్ల వేసిన అడుగును చప్పుడు కాకుండా వెనక్కి తీసుకుంది. రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. ఊపిరి కూడా మైకులో పడకూడదని.

పిట్ట రికార్డరు ఆపింది.

"చాలమ్మా" అంది. "సరిపోతాయి."

"నలభై కదా?"

"ఎక్కువ రాసుకొచ్చాను. ఎందుకైనా మంచిదని. ఇరవైమూడు చాలు."

అనౌన్సరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "నిజమేనా? నీ నోట నిజం బయటపడాలంటే ఒక రోజు పడుతుంది. రేపొచ్చి చాలలేదంటే నేనేం చేయలేను."

"నిజమే."

"నా పేరు చెడకూడదు పిట్టా. ఆ గొంతు నాదని నలుగురూ వింటారు."

"చెడదమ్మా."

ఆమె ఇంత గట్టిగా, ఇంత తేలిగ్గా ఎప్పుడూ ఏదీ చెప్పలేదు. తీగలు చుట్టి, మైకు సంచీలో వేసి, మిగతా పదిహేడు ప్రశ్నల కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. కుళాయి గుడ్డ విప్పబోతుంటే కూతురు వచ్చి, "నేను తీస్తాలే అక్కా" అంది. పిట్ట బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. చెప్పులు చేత్తో పట్టుకుని నాలుగు మెట్లు దిగింది. పైన మాటలు మొదలయ్యాయి, ముందు పిల్లవి, తర్వాత ఆ గీసుకుపోయిన గొంతు, చిన్నగా, ఆగి ఆగి. ఏమంటున్నారో వినపడేంత దగ్గరే ఉంది. చెప్పులు వేసుకుని టకటకమని చప్పుడు చేస్తూ మిగతా మెట్లు దిగింది.

*

ఆపరేషన్ అయిన పదో రోజున పిట్ట పరికరం పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. ఇరవైమూడూ కలిపి మళ్ళీ నేర్పించింది. ఈసారి పనిని వెనక్కి పంపలేదు. రెండు పగళ్ళూ కిటికీ ముందే కూర్చుంది. పెద్ద డాక్టర్ వచ్చి యంత్రం కావాలంటే, కాదంది. ఆయన ఏదో అన్నాడు. ఆమె కుర్చీ జరపలేదు. అయినా అంకె ఒక చోటికి వచ్చి, ఇక తగ్గలేదు.

అనౌన్సరమ్మ దిండ్లకు ఆనుకుని కూర్చుంది. మెడ దగ్గర గొట్టం, దాని చుట్టూ తెల్లటి కట్టు. ఒళ్ళో పరికరం పెట్టించుకుని, రెండు వేళ్ళతో నెమ్మదిగా టైపు చేసింది.

"దయచేసి గమనించండి" అంది పరికరం.

వార్డులో ఆరుగురూ తలెత్తారు. గడప దగ్గర వెళ్తున్న నర్సు ఆగి, "ఈ గొంతు నాకు తెలుసు, రోజూ స్టేషన్లో వింటాను" అంది. అనౌన్సరమ్మ ముఖంలో కళ వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి బండ్లన్నీ చెప్పించింది, ఆలస్యంగా నడుస్తున్నవాటికి విచారం కూడా చెప్పించింది. పక్క మంచం ముసలాయన, "ఏ బండైనా ఇంటికి తీసుకుపోయేదుంటే చెప్పమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. పిట్ట కూడా నవ్వింది.

తర్వాత ఆవిడ కూతురు వైపు చూసింది. పిల్ల మంచం కోళ్ళ దగ్గర స్టూలు మీద కూర్చుని ఉంది. కళ్ళ కింద నల్లబడింది, బుగ్గలు లోపలికి పోయాయి. ఆవిడ ఏదో టైపు చేసింది.

"తిన్నావా."

పరికరం దాన్ని ప్రకటించింది. ఫలానా బండి వెళ్ళిపోయింది అన్నట్టు. ప్రశ్న చివర ఎక్కడా లేవలేదు.

అనౌన్సరమ్మ నొసలు ముడిచింది. మళ్ళీ కొట్టింది. ప్రశ్న గుర్తు రెండుసార్లు కొట్టింది. "తిన్నావా." అదే. పలక అందుకుని, సుద్దముక్కతో రాసి పిట్ట వైపు తిప్పింది.

ఇరవైమూడు చాలలేదు.

"అవునమ్మా" అంది పిట్ట. "నేనే తప్పు లెక్కేశాను."

అనౌన్సరమ్మ చాలాసేపు ఆమెను చూసింది. నువ్వే చాలన్నావు అన్న చూపు అది. పిట్ట కళ్ళు దించలేదు, కారణం చెప్పలేదు. స్టూలు మీద పిల్ల ఒక్కసారి పిట్ట వంక చూసి, వెంటనే తన వేళ్ళ వంక చూసుకుంది. ఆ గురువారం సాయంత్రం వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో పిట్టకు తెలియదు. అది మరో మనిషికి తెలియాల్సింది కాదు.

ఆవిడ పలక తుడిచి పక్కన పెట్టింది. పరికరం వైపే తిరిగింది. మూడోసారి కొట్టింది.

"తిన్నావా."

ఇంట్లో ఆ ప్రశ్న వేరేలా ఉండేది. పిట్ట రికార్డరులో ఉంది, మూడో వాక్యం. చివర కొంచెం సాగి, అబద్ధం చెబితే ఊరుకోనన్నట్టు పైకి లేచేది. దాని ముందు ఈ పిల్ల తప్పించుకునేది కాదు.

"తిన్నానమ్మా" అంది కూతురు.

స్టూలు పక్కన నేల మీద ఆమె అన్నం డబ్బా ఉంది. మూతకు వేసిన రబ్బరు బ్యాండు పొద్దున వేసినట్టే ఉంది. తల్లికి మంచం అంచు అడ్డం. పిట్టకు కనబడుతోంది. పిల్ల కాలితో డబ్బాను ఇంకొంచెం లోపలికి నెట్టి, తల్లి ముఖంలోకి చూసి నవ్వింది.

అనౌన్సరమ్మ తృప్తిగా తల ఊపి, తర్వాతి ప్రశ్న కోసం అక్షరాలు వెతుక్కోవడం మొదలుపెట్టింది.